తోలు చరిత్ర – 9 : ఆ వాసన ఎవరిది?

గత భాగంలో కపిల బాన గురించి రాశాను. మన వాడల్లో కుట్టిన తోలు బానలు నెల్లూరు మెట్ట పొలాలకు ఎన్ని తరాలు నీళ్లు తోడాయో చెప్పుకున్నాం. ఈసారి అంతకన్నా చాలా చిన్న వస్తువు. బూటు లోపల, అరికాలి కింద పడి ఉండే అట్ట. ఇన్‌సోల్. బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని బూట్లు బాగుచేసేవాళ్లు దీన్ని లోపలి అట్ట అంటారు. దీన్ని ఎట్టా శుభ్రం చేసుకోవాలో కూడా ఈ వ్యాసంలో ఉంటుంది. నవ్వకండి. శుభ్రం అనే మాట పేరు చెప్పి ఊరు మనల్ని ఎంత దూరం పెట్టిందో తెలిసినవాళ్లు నవ్వరు కూడా.

చెప్పు అంటే పొరలు. నేలకు తగిలేది అడుగు తోలు, మందంగా ఉంటుంది, దున్నపోతు తోలు దానికి పనికొస్తుంది. పైన కనిపించేవి వారు, ఉంగటం, పువ్వులు, కుట్టు. ఈ రెంటికీ మధ్య పాదం ఆనే పొర ఒకటుంది. పైపొరకు సాహిత్యంలో చోటు దొరికింది. కిర్రుచెప్పుల దొర నడిచొస్తుంటే వీధి లేచి నిలబడిందని కథలు రాశారు. అడుగు పొరకు సామెతల్లో, తిట్లలో చోటు దొరికింది. మధ్య పొరను ఎవరూ పట్టించుకోలేదు. మనిషి చర్మానికి పశువు చర్మం తగిలేది అక్కడే. అందుకే నాకు దానిమీద ఆసక్తి.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట. మన సాహిత్యానికి పాదరక్షలంటే పడదని అనుకోవద్దు. రాముడి పాదుకలు ఏకంగా సింహాసనం ఎక్కాయి. పానుగంటి లక్ష్మీనరసింహారావు ఆ కథతోనే 'పాదుకా పట్టాభిషేకం' నాటకం రాశారు. మన బొమ్మల్లో, నాటకాల్లో అవి కట్టె పాదుకలు, కాదంటే బంగారు పాదుకలు. తోలు చెప్పులు మాత్రం కావు. కట్టె పాదుక మడిలోకి వస్తుంది, తోలు చెప్పు గుమ్మం బయట ఆగిపోతుంది. వేసుకునే పాదం ఒకటే, మట్టి ఒకటే. తేడా ఎవరు తయారుచేశారన్న దగ్గరే వచ్చింది. దానికి శుచి అని పేరు పెట్టారు.

దీనికి ఎదురుగా నిలబడే కథ మన పక్క కన్నడ దేశంలో ఉంది. 12వ శతాబ్దపు కల్యాణంలో హరళయ్య అనే శరణుడు, చెప్పులు కుట్టేవాడు. బసవన్న తనకు తిరిగి నమస్కారం పెట్టినందుకు ఆ రుణం ఎట్టా తీర్చుకోవాలా అని తన తొడ చర్మం, భార్య తొడ చర్మం తీసి చెప్పులు కుట్టి ఇచ్చాడని చెబుతారు. బసవన్న వాటిని కాళ్లకు తొడుక్కోలేదు, తలమీద పెట్టుకున్నాడంటారు. తర్వాత హరళయ్య కొడుక్కీ బ్రాహ్మణుడైన మధువయ్య కూతురికీ పెళ్లి జరిగింది. పెళ్లి చేసిన పాపానికి ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష పడింది. చెప్పుల కథను భక్తి కథగా చెప్పడం అందరికీ ఇష్టమే. పెళ్లి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఒక నమస్కారానికి మాదిగ తన ఒంటి తోలు ఒలిచి ఇవ్వాల్సినంత బాకీ ఎందుకుందని నా విద్యార్థులను అడుగుతుంటాను. ఇంతవరకు క్లాసులో ఎవరూ తొందరపడి జవాబు చెప్పలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన చేతిలో ఆరె, రంపె చూసిన ఆఖరి తరం మాది. తోలు ఊనే పని ఆయన చిన్నప్పుడే మా వాడలో తగ్గిపోయింది కానీ పద్ధతి మొత్తం నోటికి వచ్చు. పచ్చి తోలును సున్నం నీళ్లలో నానబెట్టాలి. వెంట్రుక ఊడొస్తుంది. గీకాలి, కడగాలి. తర్వాత తంగేడు చెక్క దంచిన కషాయం, కరక్కాయ నీళ్లు. కొన్ని చోట్ల తోలునే సంచీలాగా కుట్టి చెట్టుకు వేలాడదీసి అందులో చెక్క కషాయం పోసేవాళ్లు, అది బొట్టుబొట్టుగా తోలులోంచి కారుతూ ఉండేది. వాసన వచ్చేది ఈ దశల్లోనే. ఊనడం అయిపోయాక మంచి తోలుకు వచ్చేది చెక్క వాసన, కొంచెం వగరు వాసన. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పాదం ఆనే పొరకు తాత పల్చటి తోలు తీసుకునేవాడు. వెంట్రుకలు మొలిచిన నునుపు వైపు పైకి, మాంసం వైపు కిందికి. నునుపు వైపు చెమట తొందరగా లోపలికి పోదు, తుడిస్తే వస్తుంది. ఈ చెప్పులు రైతుల ఇళ్లకు పోయేవి. ఏడాదికి ఇన్ని జతలు, బానకు మరమ్మతు, పలుపులు, దానికి బదులు కళ్ళంలో మేర గింజలు. గింజలు కొలిచేది రైతు. జతలు లెక్కపెట్టేది కూడా రైతే.

కుట్టినవాడు మాత్రం వాటిని తొడుక్కుని ఊళ్లోకి పోకూడదు. పెద్దిళ్ల వీధి మొదట్లో చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవాలి. ఇది పాత కథ అనుకునే పిల్లలకు ఒక సమాచారం. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణలు చేశారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో దళితుడు బహిరంగ స్థలాల్లో సైకిల్ ఎక్కకుండా, మోటార్ సైకిల్ నడపకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరమని విడిగా రాయాల్సి వచ్చింది. చెప్పుల దండ వేయడం నేరమని కూడా రాశారు. 21వ శతాబ్దంలో పార్లమెంటు కూర్చుని 'చెప్పులు వేసుకోవడం' అనే మాట చట్టంలో చేర్చిందంటే అప్పటికి ఆ ఆచారం చచ్చిపోలేదనే కదా.

19వ శతాబ్దానికి పోదాం. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే మొదలైంది కానీ పాతికేళ్లు దాటినా చేరినవాళ్లు కొద్దిమందే. పరిస్థితిని మార్చింది యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ల వ్యాపారి. తోళ్లు కొనడానికి, అమ్మడానికి ఊళ్లు తిరిగినవాడు, యోగ మార్గాల్లో గురువులను వెతికినవాడు. 1866లో జాన్ క్లౌ దొర పనిచేసిన ఆ మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తాను తిరిగిన తోళ్ల దారుల్లోనే తిరుగుతూ చెప్పాడు. చరిత్ర పుస్తకాల్లో క్లౌ దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. నా లెక్కలో ఆ ఉద్యమాన్ని నడిపింది తోళ్ల వ్యాపారి కాళ్లు.

చేరినవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మతం సంగతి పక్కన పెట్టి మొదటి నియమం చూడండి. వారానికి ఒకరోజు రైతు పిలిస్తే మాదిగ రాడు. చెప్పు తెగితే తెగనీ, బాన చిరిగితే చిరగనీ. ఊరి పెద్దలకు ఎందుకంత కోపం వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ నేలమీద తోలు పనివాళ్లు చేసిన తొలి సమ్మెల్లో ఆ ఆదివారాలను కూడా లెక్కపెట్టాలని నేనంటాను. కార్మిక చరిత్రలు రాసే మిత్రులు ఒప్పుకోరు. సరే.

1876–78 కరువులో పశువులు మందలు మందలుగా చచ్చాయి. ఇక్కడ ఒక క్రూరమైన లెక్క ఉంది. కరువు పెరిగేకొద్దీ మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి పెరిగింది. తిండి లేని జనానికి పని చూపించడానికి బకింగ్‌హాం కాలువ తవ్వించారు. క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని మన వాళ్లను పనికి పెట్టాడు. ఈరోజు తీరం వెంబడి పోతుంటే కనిపించే ఆ కాలువ గట్టుమీద మన ముత్తాతల పాదాలు ఉన్నాయి, చెప్పుల్లేని పాదాలు. 1878 జులై 3న ఒకే రోజు గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. 1899లో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ మాదిగల కథలు ఇంగ్లీషులో పుస్తకంగా వేసింది. పేరుకు మన భాషలో అర్థం 'చెప్పులు కుడుతుండగా' అని. ఆమె అంతకుముందు మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసిన మనిషి. స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసి వచ్చిన ఆడమనిషి మాదిగ పెద్దల దగ్గర కూర్చుని కథలు విన్నది. మిషనరీ చూపు ఆ పుస్తకం నిండా ఉంది, అయినా చదవండి. మన తెలుగు పండితులు అప్పటికి మన వాడ మొగం కూడా చూడలేదు.

తంగేడు చెక్కతో ఊనిన మన తోళ్లకు లండన్ బజారులో 'ఈస్ట్ ఇండియా కిప్స్' అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల పైభాగానికి ఇవే కావలసి వచ్చి బ్రిటిష్ ప్రభుత్వం ఆ సరుకు మొత్తం తన చేతిలోకి తీసుకుంది. తంగేడు పువ్వును మన కవులు చాలాసార్లు పాడారు. ఆ చెట్టు బెరడు ఫ్రాన్సు బురదలో సిపాయిల కాళ్ల మీదికి పోయిందని రాసినవాళ్లు నాకు కనపడలేదు. అదే కాలంలో క్రోమ్ ఉప్పులతో తోలు ఊనడం కూడా వచ్చింది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర మద్రాసులో దానిమీద ప్రయోగాలు చేయించాడు. మద్రాసు శివార్లలో క్రోమ్ లెదర్ కంపెనీ పెట్టిన చోటుకు ఇప్పటికీ క్రోమ్‌పేట అనే పేరు. నెలల పని రోజుల్లోకి వచ్చింది. పని మన చేతుల్లోంచి షెడ్డుల్లోకి పోయింది. ముతక పని చేసే కూలీలు మాత్రం మారలేదు.

మనకు చెప్పు ఉండేది, బూటు వాళ్లతో వచ్చింది. అసలు మలుపు ఇదే. మన చెప్పు తెరిచి ఉంటుంది, గాలి ఆడుతుంది. బూటు చలి దేశంలో పుట్టింది. పాదాన్ని మూసేస్తుంది. నెల్లూరు తీరంలో మే నెల ఎండలో, ఉప్పుగాలి ఉక్కలో పాదాన్ని మేజోడులో పెట్టి, దాన్ని బూటులో పెట్టి, పైన తాడు బిగిస్తే ఏమవుతుంది? శరీరంలో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. అప్పుడే పట్టిన చెమటకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. పాదం మీద బతికే సూక్ష్మజీవులు ఆ చెమటనూ రాలిన చర్మాన్నీ తిని ఐసోవలెరిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతాయి. మనం ముక్కు మూసుకునేది దానికి. యూరప్‌లో లింబర్గర్ అని ఒక జున్ను ఉంది, డబ్బులిచ్చి కొనుక్కుని తింటారు. దాని వాసనకు కారణం కూడా పాదాల మీద ఉండే జీవుల చుట్టాలే. మలేరియా దోమకు మనిషి పాదం వాసనా ఆ జున్ను వాసనా సమానంగా నచ్చుతాయని చూపించినవాళ్లకు 2006లో ఇగ్ నోబెల్ అనే నవ్వుల బహుమతి ఇచ్చారు. దోమ ఎవరి పాదమని అడగలేదు.

అంటే బూటు కంపు తోలుది కాదు. కుట్టినవాడిది అసలే కాదు. తొడుక్కున్నవాడిది. కానీ వందేళ్లుగా బజారులో ఏం జరుగుతోంది? ఆఫీసరు బూటు విప్పి ముందుకు తోస్తాడు. కింద కూర్చున్న మనిషి ఆ బూటులో చెయ్యి పెట్టి, తడిసి నలిగిన అట్ట బయటికి లాగి, గీకి, కొత్తది అంటిస్తాడు. ఆఫీసరు చెమట వాసన ఆయన పీలుస్తాడు. పని అయ్యాక డబ్బులు చేతికి తగలకుండా పైనుంచి పడేస్తారు. వాసన ఒకరిది, పేరు ఇంకొకరికి.

ఈ వాసన రాజకీయం క్లాసురూములోకి కూడా వస్తుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో తీరం వైపు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఉండేవాడు, సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. కాన్వాసు బూట్లు ఒకటే జత. నవంబరు, వానలు. పక్కవాళ్లు వాసనని గొడవ చేస్తే ఒక మాష్టారు ఆ పిల్లవాణ్ణి చివరి బెంచీకి పంపాడు. పంపడంతో ఆగలేదు, "మీ వాళ్లకు అలవాటేలే" అన్నాడు. ఆ పిల్లవాడు క్లాసుకు రావడం మానేశాడు. కనుక్కుని పిలిపించి మాట్లాడితే నేలకేసి చూస్తూ చెప్పాడు.

"రోజూ ఉతుకుతున్నా మేడం. ఉతికే కొద్దీ ఎక్కువవుతోంది."

ఆ మాష్టారి సంగతి వేరే చోట తేల్చాం. పిల్లవాడు అన్నది మాత్రం శాస్త్ర ప్రకారం అక్షరాలా నిజం. రోజూ ఉతికితే, ఉక్కలో అది పూర్తిగా ఆరకముందే మళ్లీ తొడుక్కుంటే, ఆ తడి సూక్ష్మజీవులకు విందు. శుభ్రంగా ఉండమని చెప్పడం అందరికీ వచ్చు, ఎట్టాగో చెప్పేవాళ్లు లేరు. 2020 నుంచి విద్యాకానుక కింద సర్కారు బడి పిల్లలకు బూట్లు, రెండు జతల మేజోళ్లు ఇచ్చారు. చాలా ఇళ్లల్లో మూసిన బూటు తొడిగిన మొదటి తరం వీళ్లే. బూటు కుట్టడం తెలిసిన వాడల్లో కూడా బూటు తొడుక్కోవడం కొత్త. కాబట్టి తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. హాస్టల్ పిల్లలకు చదివి వినిపించండి.

ముందు అట్ట దేనితో చేసిందో చూడాలి. బయటికి రాకుండా అంటించి ఉంటే పీకొద్దు. వచ్చేదైతే రోజూ రాత్రి తీసి బూటుకు దూరంగా నిలబెట్టాలి. సగం వాసన ఈ ఒక్క పనితో పోతుంది.

చవక బూట్లలో పైన పల్చటి బట్ట, దాని కింద పల్చటి ఫోము, ఆ కింద కాగితం గుజ్జుతో చేసిన అట్ట ఉంటాయి. మన పిల్లల బూట్లలో ఎక్కువ ఇదే. దీన్ని నీళ్లలో ముంచితే కాగితం ఉబ్బి పొరలు విడిపోతాయి, ఆరాక వంకర తిరుగుతుంది. ఆ పిల్లవాడి బూట్లలో జరిగింది ఇదే. తడిబట్టకు కాస్త సబ్బు రాసి పైన మాత్రమే తుడవాలి, మళ్లీ ఉత్త తడిబట్టతో తుడవాలి, ఫ్యాను కింద పెట్టాలి. వంటసోడా పల్చగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపేస్తే వాసన ఇంకా తగ్గుతుంది. ఆ ఆమ్లాన్ని సోడా విరుస్తుంది, మంత్రం ఏమీ లేదు. ఈ అట్ట ఎన్నాళ్లో ఉండదు. బజార్లో విడి అట్టల జతలు తక్కువలోనే దొరుకుతాయి, రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడితే ఒకటి ఆరుతూ ఉంటుంది. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర వేయించుకోండి. డబ్బులు చేతిలో పెట్టండి.

ఆటల బూట్లలో ఉండే మందపాటి ఫోము అట్టను గోరువెచ్చని సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్షుతో కడగొచ్చు. పిండొద్దు, తువ్వాలులో పెట్టి అదమాలి. ఎండలో పెట్టొద్దు. ఈవీఏ అనే ఫోము వేడికి కుంచించుకుపోతుంది, తర్వాత బూటులో సరిపోదు. పాలీయూరెథేన్ అయితే ఇంకో తంటా, గాలిలోని తేమకే నెమ్మదిగా విరిగిపోతుంది. పెళ్లికి కొన్న బూట్లు డబ్బాలో దాచి రెండేళ్ల తర్వాత తీస్తే పొడిపొడిగా రాలడం తీరం వైపు ఇళ్లల్లో చాలామంది చూసే ఉంటారు. దాచినందువల్లే పోయాయి. అప్పుడప్పుడు తొడుక్కోవాలి. జెల్ అట్టలకు సబ్బునీళ్లు చాలు. కార్కు అంటే ఒక రకం చెట్టు బెరడు. అదీ తడిబట్టతో తుడవాల్సిందే, ముంచితే పగులుతుంది. ఉన్ని అట్టలు మన దేశానికి ఎందుకో నాకు అర్థం కాదు, అమ్ముతున్నారు కాబట్టి చెబుతున్నాను, దులిపి గాలికి పెట్టండి.

తోలు అట్ట దగ్గర నేను కాస్త ఆగుతాను. తాత మాట ఒకటే, "తోలుకు నీళ్లు తాపొచ్చమ్మే, ముంచకూడదు." దాని వెనక సంగతి పెద్దయ్యాక చదువుకున్నాను. తోలు నారల మధ్య నూనె ఉంటుంది. నీళ్లలో నానబెట్టి ఎండలో పెడితే ఆ నూనె పోయి నారలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తోలు రేకులాగా గట్టిపడి పగులుతుంది. అందుకే పిండిన తడిబట్టతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. తెల్లగా ఉప్పు గీతలు కనిపిస్తే, మన తీరంలో కనిపిస్తాయి, వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి ఆ బట్టతో తుడవాలి. బూజు పట్టినా అంతే, ముందు పొడి బ్రష్షుతో బయట దులపాలి. తోలుమీద వంటసోడా వాడొద్దు. చెక్కతో ఊనిన తోలు క్షారం తగిలితే నల్లబడుతుంది. తాత ఆరాక ఆముదం ఒక చుక్క వేలికి రాసుకుని రుద్దేవాడు. మేజోడు తొడిగే బూటుకు మాత్రం ఆముదం వద్దు, జిడ్డు అంటుతుంది.

ఇంకొకటి. తడి తోలును ఇనుప ఊచల మీద ఆరేయొద్దు, నల్ల మచ్చలు పడతాయి. ఇనుమూ చెక్కలోని వగరూ కలిస్తే నలుపు పుడుతుంది. ఈ రహస్యం మాదిగ పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఇనుప తుక్కు బెల్లం నీళ్లలో పులియబెట్టి తోలుకు నల్లరంగు వేసేవాళ్లు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత గీసేది కూడా ఇదే పద్ధతిలో. బట్టను ముందు కరక్కాయలో నానబెడతారు, మీద ఇనుము బెల్లం నీళ్లతో గీస్తారు. అదే కరక్కాయ, అదే ఇనుము, అదే బెల్లం. బట్టమీద గీస్తే కళ అయింది, ప్రదర్శనలు పెట్టారు. తోలుమీద పూస్తే కులవృత్తి అయింది. 2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ మిలాన్‌లో మగవాళ్ల ఫ్యాషన్ ప్రదర్శనలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించింది, మూలం చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. కొల్హాపురి చెప్పుకు 2019లో జీఐ గుర్తింపు ఉంది కాబట్టి అడిగే గొంతు ఉంది. మన నెల్లూరు, ఒంగోలు చెప్పును అడిగేవాళ్లు లేరు, అసలు ఆ చెప్పే లేదు.

ఎందుకు లేదంటే 1930లలో బెంగాల్‌లో బాటానగర్ లేచింది, తర్వాత రబ్బరు చెప్పులు వచ్చాయి, మోటార్లు వచ్చి కపిల బానలు పోయాయి. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పెట్టారు, 1973లో మన రాష్ట్రంలో లిడ్‌క్యాప్ పెట్టారు. పరిశోధన జరిగింది, కార్పొరేషన్ బోర్డు వేలాడింది, మా వాడలో ఆరె మూలన పడింది. తోలు శుద్ధి తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వైపు పెరిగి పాలారు నదిని ఏం చేసిందో 1996లో సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. మన కోట మండలం కొత్తపట్నంలో పెద్ద లెదర్ క్లస్టర్ ప్రతిపాదన వచ్చినప్పుడు మన కుర్రాళ్లు కొందరు ఉద్యోగాలని సంబరపడ్డారు. నేను పాలారును చూసి రమ్మన్నాను. ఉద్యోగం వద్దని కాదు. శుద్ధి నీళ్లు ఎటు పోతాయి, యంత్రం దగ్గర ఎవరుంటారు, సున్నం గుంట దగ్గర ఎవరుంటారు అని ముందే అడగమన్నాను.

ఇక తడ. అప్పటి నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. అక్కడ మాంబట్టులో తైవాన్ వాళ్ల అపాచీ కంపెనీ అడిడాస్ బూట్లు కుడుతోంది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. తెల్లారకముందే ఊళ్లోకి కంపెనీ బస్సు వస్తుంది. నా పాత విద్యార్థినులు కొందరు ఆ బస్సు ఎక్కుతారు. చెప్పు కుట్టే పని ఇప్పుడు కులం అడగదు, యూనిఫారం ఇస్తుంది, బ్యాంకులో జీతం వేస్తుంది. ఇది చిన్న మార్పు కాదు, మన వాడ ఆడపిల్ల చేతిలో సొంత ఏటీఎం కార్డు ఉండటం అంటే ఏమిటో మా అమ్మకు తెలుసు. కానీ తాతకు చెప్పు మొత్తం తెలుసు, పచ్చి తోలు నుంచి ఆముదం చుక్క వరకు. ఈ పిల్లకు లైనులో తన ముందుకు వచ్చే ఒక్క ముక్క తెలుసు. వాళ్లలో ఒకమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర విడిచిన మా తమ్ముడి బూటు ఎత్తి, అట్ట బయటికి లాగి, వేలితో వంచి చూసి, "ఇది మా దాంట్లోది కాదు మేడం, గమ్ము సరిగ్గా పట్టలేదు" అంది. ఆ బూటు లోపల ముక్కు పెట్టి చూడటానికి ఆమె ఏమాత్రం సంకోచించలేదు. మా తమ్ముడే సిగ్గుపడి ఉతకలేదని చెప్పి లాక్కున్నాడు.

వచ్చే ఆదివారం డప్పు గురించి. మీ ఇళ్లల్లో డప్పుకు తోలు ఎక్కించడం తెలిసిన పెద్దవాళ్లు ఉంటే ఏ తోలు వాడేవాళ్లో, ఎంతసేపు కాచేవాళ్లో అడిగి రాసిపెట్టుకోండి.

జై భీమ్.